అరికాలి గీత

ముందు గేటుకి వెళ్ళమని నువ్వు చెప్పడం ఇది మూడోసారి బాబూ. వెళ్ళే వచ్చాను. టిక్కెట్లు అయిపోయాయని అక్కడ కిటికీ మూసేశారు. అయినా నాకు ఆట చూడాలని ఏముంది? నేను కళ్ళు మూసుకుని చూసే రకం, నాకెందుకు టిక్కెట్టు! లోపలున్న మనిషికి ఒక్క మాట చెప్పాలి. చెప్పేసి, వచ్చిన దారినే పోతాను.

ఆట మొదలయ్యాక ఇంటివాళ్ళని లోపలికి పంపకూడదా? ఎవరు పెట్టారయ్యా ఈ రూలు?

సరే, సరే. మేనేజరుగారు పెట్టారు. ఎందుకు పెట్టారో కూడా నాకు తెలుసు. ఎవరో తల్లి తెర పక్కన నిలబడి “జాగ్రత్తరా” అని కేకేస్తే, ఉయ్యాల మీదున్నవాడి చెయ్యి తప్పిందట. మా కోడలే చెప్పింది. మంచి రూలే. నేనూ ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో రూళ్ళు పెట్టినదాన్నే. వాటిని దాటించమని ఒకరిని బతిమాలడం మాత్రం ఇదే మొదటిసారి.

అదేమిటి, లోపల వాయించేది? సైకిళ్ళవాళ్ళకా?

హమ్మయ్య. సైకిళ్ళయితే ఇంకా టైముంది. సైకిళ్ళయ్యాక బంతులవాడు, ఆ తర్వాత జోకర్లు, ఆ తర్వాత తాడు. అంతే కదా వరస? చూశావా, పాఠం నాకు బాగానే వచ్చు. ఆ తాడు మీద నడిచేది మా కోడలు. మీరంతా పిచ్చుక అంటారట, ఆ పిల్లే.

అవునయ్యా, పిచ్చుక అత్తగారినే! ఎందుకంత ఆశ్చర్యం? అత్తగారంటే ఇంకా లావుగా ఉంటుందనుకున్నావా?

స్టూలు వద్దు. కూర్చుంటే మళ్ళీ లేవలేను. ... సరే, ఇటు జరుపు. నీ మాట కాదనడమెందుకు.

ఆట అయ్యాక చెబుతానంటావా? లాభం లేదు. ఆట అయ్యాక చెప్పేదయితే ఇంట్లోనే చెప్పుకునేదాన్ని కదా, రెండు బస్సులు మారి ఇంత దూరం ఎందుకొస్తాను? ఫోనా? చేశాను. పదిహేడుసార్లు చేశాను. ఆటకి ముందు అందరి ఫోన్లూ పెట్టెలో వేసి తాళం వేస్తారటగా. మావాడికి చేద్దామంటే వాడెక్కడో ఏ స్తంభమెక్కాడో, వాడూ తీయడం లేదు. కరెంటు పనివాడు. మీ డేరాలో దీపాలు బాగుచెయ్యడానికని వచ్చి, తలెత్తి పైకి చూసి, మూడునెలల్లో పెళ్ళి చేసుకున్నాడు. ఆ దీపాలు ఇప్పటికీ సరిగా వెలగవని మా కోడలు వాణ్ణి ఏడిపిస్తూ ఉంటుంది.

ఏమిటా మాట, ఏమిటా మాట అని అడుగుతున్నావు. చెబుతాను. కానీ మొదట్నించీ చెప్పకపోతే నీకు దాని బరువు తెలియదు. బరువు తెలియకపోతే నువ్వు కదలవు. ఇది నా అనుభవం.

ముందు నీ మడమలు చూసుకో. సిగ్గుపడకు, చెప్పులోంచి కనబడుతూనే ఉన్నాయి. మట్టి ఎండి నెర్రెలిచ్చినట్టుంది. నొప్పి లేదూ? ఉంటుంది, రాత్రి దుప్పటికి పట్టుకుని లాగుతుంది. ఎందుకు పగులుతాయో తెలుసా? మన ఒంట్లో చర్మానికంతటికీ నూనె పుట్టించే గ్రంథులు ఉంటాయి. అరికాలికి లేవు. అందుకని ఆ చర్మం బీదది. మనమే పెట్టాలి దానికి. గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి పావుగంట పాదాలు నానబెట్టు. వేడినీళ్ళు కాదు, గోరువెచ్చన. వేడి ఉన్న కాస్త నూనెనీ లాగేస్తుంది. తర్వాత గరుకురాయితో మెల్లగా, ఒకే వైపుకి రుద్దాలి, ముందుకీ వెనక్కీ కాదు. తుడుచుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెలో కాస్త మైనం కరిగించి రాసి, నూలు సాక్సు వేసుకుని పడుకో. పండు మాగిపోతే పారెయ్యకు, అరటిపండు గుజ్జు కూడా పనికొస్తుంది. ఇరవై రోజుల్లో నీ మడమని నువ్వే గుర్తుపట్టలేవు.

ఎందుకు చెబుతున్నానా? నేను చేసింది సరిగ్గా ఇదే కాబట్టి. మా కోడలికి.

వానలకి మీ సర్కస్ నలభై రోజులు మూతపడిందా లేదా? ఆ నలభై రోజులూ ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. పురుడప్పుడు తప్ప, పెళ్ళయిన ఆరేళ్ళలో అన్ని రోజులు వరసగా ఇంట్లో ఉండడం అదే మొదలు. మొదటి వారంలోనే మా చెల్లెలి ఇంట్లో పెళ్ళి. అందరం చెప్పులు విప్పి కూర్చున్నాం. మా చెల్లెలికి నోరు కాస్త దురద. “అక్కా, నీ కోడలు నడుస్తుంటే నా గచ్చు మీద ఉప్పుకాగితం రుద్దుతున్నట్టుందే!” అంది, పదిమందిలో. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఈ పిల్ల నవ్వేసి, “అయితే పాలిష్ ఉచితం పిన్నిగారూ, వంటింట్లోకి కూడా రమ్మంటారా?” అంది. అందరూ నవ్వారు. అది అలా ఉంటుంది, దేనికీ చిన్నబోదు.

ఇంటికొచ్చాక నేనే అన్నాను, “అమ్మాయ్, ఇటు రా, ఆ కాళ్ళిలా పెట్టు” అని. “అయ్యో అత్తయ్యా, పెద్దవారు మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటి!” అని గోడకంటా జరిగిపోయింది. “బళ్ళో ఎంతమంది పిల్లల కాళ్ళలో ముళ్ళు తీశానో, ముయ్యి నోరు” అని లాక్కుని బేసినులో పెట్టాను. తలెత్తి చూస్తే ఏడుస్తోంది. “నా పాదాలు ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు అత్తయ్యా. కర్రతో కొట్టినవాళ్ళున్నారు, అంతే” అంది. ఆ పిల్లకి తల్లి తెలీదు బాబూ. డేరాల్లోనే పెరిగింది.

నీకూ తెలుసా ఆ సంగతి? మరి తెలిసి తెలిసి నన్నిలా కూర్చోబెడతావేమయ్యా!

ఆగు. మారింది. బంతులవాడా? బంతులవాడే. ఎంతసేపుంటాడు? పది నిమిషాలా, ఎనిమిదా? సరిగ్గా చెప్పు.

ఎనిమిది. సరే. తొందరగానే చెబుతాను. నీళ్ళేమైనా ఉన్నాయా? నాలుక అతుక్కుపోతోంది.

ఆ రోజే ఆ పిల్ల ఒక షరతు పెట్టింది. తన అరికాలు చూపించింది. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య మొదలై, తిన్నగా మడమ మధ్యదాకా ఒక గట్టి గీత. వేలితో తడిమితే తెలుస్తుంది, తోలు కుట్టినట్టు ఉంటుంది. “మడమలు మీ ఇష్టం, పక్కలు మీ ఇష్టం, ఈ గీత మాత్రం ముట్టుకోకండి అత్తయ్యా. పదిహేనేళ్ళు పట్టింది ఇది రావడానికి” అంది. నీకు తెలిసే ఉంటుంది, అది ఎక్కే తాడు నారతాడు కాదు కదా, ఇనుప తీగలు మెలేసిన తాడు. అది సరిగ్గా ఆ గీతలో కూర్చుంటుందట. కళ్ళకి గంతలు కట్టుకుని నడుస్తుంది చూడు, అప్పుడు తాడుని వెతుక్కునేది ఆ గీతేనట. ఆ గీత ఉంటే తాడు కొయ్యదు, కొయ్యకపోతే మనిషి తడబడదు. అంత చక్కగా నాకే పాఠం చెప్పింది. నేను “సరేనమ్మా” అన్నాను.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక బేసిను, ఉప్పునీళ్ళు, రాయి, నూనె. నేను పాత బడి కబుర్లు చెబుతూ ఉంటే ఆ పిల్ల వింటూ వింటూ నా ఒళ్ళో కాళ్ళు పెట్టుకునే నిద్రపోయేది. ఎంత నమ్మకంగా నిద్రపోయేదనుకున్నావు! నోరు కాస్త తెరిచి, చంటిపిల్లలా.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. నువ్వు నా మొహం చూడకు, ఆ తెర వైపు చూడు.

నిద్రపోయాక నేను ఆ గీత మీద రుద్దేదాన్ని.

ఒక్కసారే కాదు. ఒక్కసారే అయితే తెలిసిపోతుంది కదా. రోజుకి కొంచెం. నాలుగు రుద్దులు, కాస్త నిమ్మరసం, నాలుగు రుద్దులు, పైన నూనె. నేను ఓపిక గల మనిషిని బాబూ. ఒక్క గుణింతం రాని పిల్లాడితో ఏడాదంతా గుణింతాలు దిద్దించినదాన్ని. ఇరవై రోజుల్లో ఆ గీత పోయింది. పాదం అరచేయిలా అయింది. చూసి మురిసిపోయాను కూడా.

పొరపాటున జరిగిందనుకుంటున్నావా? పాపం, పెద్దావిడ, చాదస్తం కొద్దీ కాస్త ఎక్కువ రుద్దేసి ఉంటుందని? బస్సులో వస్తున్నంతసేపూ నేనూ అలాగే అనుకుందామని చూశాను. చెల్లెలు వెక్కిరించింది, నాకు పౌరుషం వచ్చింది, చెయ్యి ఆగలేదు. ఎవరైనా నమ్ముతారు. నువ్వూ నమ్మావు కదా?

కాదు.

నాకో మనవరాలుంది, నాలుగేళ్ళది. ఇప్పుడు పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చాను. ఆ పెళ్ళి నుంచి వచ్చిన వారానికి, నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను. వెనక నుంచి “నానమ్మా, చూడు, నేను అమ్మని!” అంది. తిరిగి చూస్తే పిట్టగోడ మీద నిలబడి ఉంది. రెండు చేతులూ చాపి. ఒక కాలి ముందు ఒక కాలు. మూడంతస్తుల మేడయ్యా. నేను కేకెయ్యలేదు. ఆ రూలు గుర్తొచ్చింది, కేకేస్తే చెయ్యి తప్పినవాడి సంగతి. నోట్లో గుడ్డ కుక్కుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి, నడుం పట్టుకుని ఇవతలికి లాగాను. అది ఏడ్చింది, “ఇంకా అవలేదు, చివరిదాకా వెళ్ళాలి” అని.

ఎవరికీ చెప్పలేదు నేను. చెబితే ఏమవుతుంది? వాళ్ళమ్మ నవ్వుతుంది, “కింద తాడు కట్టి నేర్పిస్తాను అత్తయ్యా, పిట్టగోడ మీదెందుకు” అంటుంది. మావాడు దానికి వంత పాడతాడు.

మర్నాడు మధ్యాహ్నం రాయి తీసుకున్నాను. గీత పోతే నొప్పి పుడుతుంది, నొప్పి పుడితే తనే మానేస్తుంది, ఇంట్లో కూర్చుంటుంది, పిల్ల చూసి నేర్చుకోవడానికేమీ ఉండదు. ఇంతే నా లెక్క. పడిపోవాలని నేను అనుకోలేదు. ఒట్టు. నేను అనుకున్నది మానేస్తుందని. నొప్పి పెడితే మనుషులు మానేస్తారు కదా? నేనయితే మానేస్తాను. నువ్వయినా మానేస్తావు. అందరూ మనలాంటి వాళ్ళే అనుకున్నాను బాబూ, అదీ నేను చేసిన తప్పు.

అదేమిటి, చప్పట్లు? అయిపోయిందా బంతులవాడికి? కింద పడేశాడా ఏమిటి అంత తొందరగా!

జోకర్లు వచ్చారు. పిల్లలు నవ్వుతున్నారు, వింటున్నావా? దీని తర్వాతే.

ఇంక రెండే రెండు సంగతులు. మొన్న ప్రాక్టీసుకి మొదటిరోజు వెళ్ళి వచ్చి, కుర్చీలో కూర్చుని అరికాలు తిప్పి చూసుకుంది. “అత్తయ్యా, మీరు గీత ముట్టుకోలేదు కదా?” అంది. అనుమానంగా కాదు. ఊరికే. “లేదమ్మా” అన్నాను. అబద్ధమాడిన పిల్లల చేత వందసార్లు రాయించిన నోరిది. అరక్షణం పట్టలేదు నాకు. “అయితే వాన తేమకి మెత్తబడి ఉంటుందిలెండి, దీపాల వేడికి ఆరితే మళ్ళీ గట్టిపడుతుంది” అంది. నేను తలూపాను.

ఇప్పుడర్థమైందా తేడా? తేమకి మెత్తబడిన చర్మం ఆరితే గట్టిపడుతుంది. అరగదీసిన చర్మం ఆరితే ఏమవుతుంది? చెప్పు. ... చీలుతుంది. అంతే. ఆ పిల్ల లోపల గీత ఉందనుకునే ఎక్కుతోంది. లోపల ఏమీ లేదు.

రెండోది. ఇవాళ పొద్దున్న పదకొండింటికి బయల్దేరి వెళ్ళింది. నేను గది సర్దుతుంటే మంచం కింద తుండుగుడ్డ ఒకటి దొరికింది, మడిచి దాచినట్టుగా. విప్పితే రెండు గీతలు. ఎర్రగా. పొడుగ్గా, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు. నిన్న ప్రాక్టీసులో కోసుకుంది, నాకు చెప్పలేదు. నేను కంగారుపడతానని చెప్పి ఉండదు. ఈ మొదటి ఆటకి తాను రాకపోతే తాడు ఇంకో పిల్లకి ఇచ్చేస్తానన్నాడటగా మీ మేనేజరు? అది మాత్రం చెప్పింది, నవ్వుతూనే.

ఆ గుడ్డ చేత్తో పట్టుకుని నేను గంటసేపు మంచం మీదే కూర్చున్నాను. వెంటనే బయల్దేరలేదు. అదీ చెప్పేస్తున్నాను. కాలు జారకుండా గుగ్గిలం పొడి రాసుకుంటుందిలే, కట్టు కట్టుకుంటుందిలే, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెబితే ఈ ఇంట్లో నా మొహం ఎలా చూస్తుందా అని భయం. చెప్పకపోతే... ఆ రెండో భయం పెద్దదవడానికి గంట పట్టింది. ఆ గంటే ఇప్పుడు నాకు తక్కువైంది.

కట్టు కట్టుకోదా? తాడు మీద కట్టు జారుతుందా? ఓరి నాయనో. మరి వల? వల ఉంటుందిగా కింద?

ప్రాక్టీసుకేనా!

లే. లేచి నిలబడు. నువ్వు నన్ను పంపలేవు, నీ ఉద్యోగం పోతుంది, సరే, ఒప్పుకున్నాను. నన్ను పంపకు. నువ్వు వెళ్ళు. గేటు నేను చూస్తాను. చూస్తానయ్యా, నాలుగొందల మంది పిల్లల్ని ఆపినదాన్ని, నన్ను దాటి ఒక్కడు లోపలికి పోతే అడుగు.

కానీ విను. “మీ అత్తగారు వచ్చారు, పిలుస్తున్నారు” అని చెప్పకు. అలా చెబితే నవ్వుతుంది, “భయపడుతున్నట్టున్నారు, ఆటయ్యాక వస్తానని చెప్పు” అంటుంది. “కాలు బాగోలేదు, ఎక్కొద్దన్నారు” అని కూడా చెప్పకు. అది తనకి తెలుసు, తెలిసే ఎక్కుతోంది. నేను ఏడుస్తున్నానని చెబితే ఇంకా నవ్వుతుంది.

ఇలా చెప్పు. “నీ గీత తేమకి పోలేదు. మీ అత్తగారు రాయితో అరగదీసింది. నువ్వు నిద్రపోతుంటే. కావాలనే.”

అప్పజెప్పు. ఏదీ, ఒకసారి అప్పజెప్పు.

చివరి మాట మింగేశావు. అదే ముఖ్యం. నా మీద జాలిపడి దాన్ని వదిలెయ్యకు. అది లేకపోతే “పోనీలెండి, తెలియక చేశారు” అంటుంది, క్షమించేసి ఎక్కేస్తుంది. ఆ పిల్లకి క్షమించడం చాలా తేలిక. కావాలనే అని చెప్పు. మళ్ళీ చెప్పు.

ఆఁ. అదీ.

నమ్మకపోతే, నిమ్మచెక్కతో అని చెప్పు. నాలుగు రుద్దులు, మధ్యలో నిమ్మచెక్క. నిద్రలో ఒకసారి చురుక్కుమని కాలు వెనక్కి లాక్కుంది, నేను “దోమ, దోమ” అన్నాను. ఆ దోమ సంగతి చెప్పు, నమ్ముతుంది.

మేనేజరుకి మాత్రం చెప్పకు. తాడు ఆ పిల్లదే. రెండు నెలలు నేల మీద తిరిగితే చర్మం మళ్ళీ వస్తుంది. ఎవరికి కావాలంటే వాళ్ళకి నేర్పుకోనీ, తన కూతురికే నేర్పుకోనీ.

నవ్వులు ఆగిపోయాయి బాబూ. వినబడటం లేదా? వెళ్ళు. నడుస్తావేమిటి, పరిగెత్తు! నిచ్చెన ఎక్కేసి ఉంటే కిందనుంచే గట్టిగా చెప్పు, అందరూ విన్నా ఫర్వాలేదు. కోపం వస్తే ఆ పిల్ల ఒక్కచోట నిలబడదు, దిగి వస్తుంది. నన్ను అడగడానికి వస్తుంది. రానీ. నేనిక్కడే నిలబడి ఉంటాను. నేల మీద నిలబడి ఎన్ని తిట్టినా వింటాను.